హాస్టల్ చిరునామాతోనూ ఓటు

అధ్యాపకులకు, అధికారులకు, విద్యార్థులకు నమస్కారం.

"ఈ కాలం పిల్లలకు ఓటంటే పట్టింపు లేదు" అనే మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా వింటున్నాం. నేను ఒప్పుకోను. ఓటరు నమోదు ఫారం నింపుతున్న హాస్టల్ అమ్మాయిని దగ్గర నుంచి చూడండి. పేరు, పుట్టిన తేదీ చకచకా రాసేస్తుంది. చిరునామా గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఇంటిది రాయాలా, హాస్టల్‌ది రాయాలా? ఇంటిది రాస్తే పోలింగ్ రోజున అంత దూరం వెళ్లి రావాలి. మర్నాడు ల్యాబ్ పరీక్ష ఉందంటే ఆ ఓటు పోయినట్టే. పోనీ హాస్టల్‌ది రాద్దామంటే రుజువేది? కరెంటు బిల్లు ఆమె పేరున రాదు, అద్దె ఒప్పందం ఉండదు, పై ఏడాదికి గది నంబరే మారిపోతుంది. తర్వాత చూద్దాంలే అని ఫారం మడిచి పుస్తకంలో పెట్టేస్తుంది. దీన్ని నిర్లక్ష్యం అనడం అన్యాయం.

18 ఏళ్లకే ఓటుహక్కు అమెరికాలో 1971లో, భారతదేశంలో 1989లో వచ్చింది. వయసు తగ్గింది గానీ చిరునామా చిక్కు వీడలేదు. టెక్సస్‌లో ప్రధానంగా నల్లజాతి విద్యార్థులు చదివే ప్రెయిరీ వ్యూ విశ్వవిద్యాలయం ఉంది. ఓటర్లను నమోదు చేసే అక్కడి అధికారి విద్యార్థుల చేతికి వేరే ప్రశ్నావళి ఇచ్చేవాడు. ఇక్కడ ఆస్తి ఉందా, చదువయ్యాక ఏం చేస్తావు అని. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1979లో విద్యార్థుల పక్షాన తేలింది. ఆ తీర్పు న్యాయమైనదని నా అభిప్రాయం. అక్కడే ఉద్యోగం చేసేవాళ్లను, రేపు ఊరు మారతారా అని ఎవరూ అడగరు కదా!

బ్రిటన్‌లో విద్యార్థి ఇంటి దగ్గరా, చదువుకునే చోటా రెండు చోట్లా నమోదు కావచ్చు. పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం ఒక్కచోటే ఓటు వేయాలి. భారతదేశంలో నమోదే ఒక్కచోట. అయితే కనీసం ఏడాది కాలం ఉండే గుర్తింపు పొందిన కోర్సు చదువుతూ, విద్యాసంస్థ అధిపతి నుంచి ధ్రువపత్రం తెస్తే హాస్టల్ చిరునామా చెల్లుతుంది. ఈ సంగతి ఎంతమంది విద్యార్థులకు తెలుసు? తెలిసి వెళ్లినా, ఎన్ని ఆఫీసుల్లో రేపు రమ్మనకుండా ఆ కాగితం ఇస్తున్నారు?

గుర్తింపు కార్డుల విషయమూ ఇంతే. బ్రిటన్‌లో 2023లో ఫొటో గుర్తింపు నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు వృద్ధుల బస్ పాస్ చెల్లింది, విశ్వవిద్యాలయ కార్డు చెల్లలేదు. భారత ఎన్నికల సంఘం ఒప్పుకునే కార్డుల జాబితాలోనూ విద్యార్థి కార్డు లేదు. కాబట్టి ఏ కార్డు తీసుకెళ్లాలో ముందే చెప్పాలి. పోలింగ్ కేంద్రం గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన కుర్రాడు రెండోసారి ఎందుకు వెళ్తాడు?

క్యాంపస్‌లో పోలింగ్ కేంద్రం కావాలని ఎన్నికల అధికారులను అడగండి. అది కింది అంతస్తులో, చక్రాల కుర్చీ వెళ్లగలిగే చోట ఉండాలి. పోలింగ్ రోజునే కాదు, ముందు రోజూ మర్నాడూ పరీక్షలు వద్దు, ఊరెళ్లి ఓటేసేవాళ్లూ ఉంటారు. ఎక్కడ ఓటు ఉంచుకోవాలో విద్యార్థే తేల్చుకోవాలి, మనం ఒత్తిడి చేయకూడదు. ఓటరు నమోదుకు సాయం చేసే బల్ల దగ్గర ఏ పార్టీ జెండా కనిపించకూడదు.

అన్నిటికంటే ముందు జరగాల్సింది, ఖర్చు లేనిది ఒకటుంది. ఎవరు ఏ హాస్టల్‌లో ఉంటున్నారో విశ్వవిద్యాలయం దగ్గర రికార్డు ఉంది. వచ్చే అడ్మిషన్ల నుంచి గది కేటాయించిన కౌంటర్‌లోనే, గది తాళంతో పాటు ఆ ధ్రువపత్రాన్నీ సంతకం చేసి ఇచ్చేయండి.