హాన్సా అంటే ఎవరయ్యా అంటే ఎవరూ పలకరు

(హాంబుర్గ్‌లో తెలుగువాళ్ళు జరుపుకున్న ఉగాది సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దలకి, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకి, వెనకాల పులిహోర కలుపుతూ ఓ చెవి ఇటు పడేసినవాళ్ళకి కూడా. నన్ను పరిచయం చేసినాయన పెద్ద పెద్ద మాటలు వాడేశారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదండీ. మాది విశాఖపట్నం, వన్ టౌన్. ముప్పై ఏళ్ళు షిప్పుల్లో, ఇంజిన్ రూముల్లో పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి ఇక్కడ ఉంటుంది కాబట్టి ఏటా మూడు నెలలు వస్తాను, మనవడు బడికి వెళ్ళాక ఇంట్లో కూర్చోలేక మ్యూజియంలు తిరుగుతాను. నా అర్హత అంతే.

కార్యదర్శి గారు ఫోన్ చేసి "బాబాయ్ గారూ, హాన్సా నగరాల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి, ఐకమత్యమే బలం అన్న పాయింటు మీద, మన సంఘానికీ పనికొస్తుంది" అన్నారు. సరే అన్నాను. హాన్సా అంటే పాతకాలంలో జర్మన్ వర్తకుల ఊళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం. కాగితం మీద అలాగే రాసుకొచ్చాను కూడా. ఎంతసేపు దాని మీద నిలబడతానో చూద్దాం.

ముందు పిల్లలకో ప్రశ్న. మీ నాన్న కారు నంబర్ ప్లేటు మీద మొదట ఏముంటుంది? ఆ, హెచ్ హెచ్. హాంబుర్గ్‌కి ఒక హెచ్ చాలు కదా, రెండోది ఎందుకు? హాన్సెస్టాట్ హాంబుర్గ్, అంటే హాన్సా నగరం హాంబుర్గ్ అని. బ్రెమెన్ బళ్ళకి హెచ్‌బి, ల్యూబెక్ బళ్ళకి హెచ్ఎల్. ఒట్టి హెచ్ కనిపిస్తే అది హానోవర్ బండి. మనం ఊరెళ్ళడానికి ఎక్కే లుఫ్తాన్సా పేరులో ఉన్నది కూడా ఈ హాన్సాయే. ఆ సంఘం ఆఖరి సభ 1669లో జరిగింది, దానికి వచ్చినవి తొమ్మిది ఊళ్ళు. ఇన్నేళ్ళయినా ఆ పేరు వదులుకోవడానికి ఎవరికీ మనసు రాలేదు.

అసలు ఇదంతా ఎక్కడ మొదలైందంటే, చేప దగ్గర. పాత రోజుల్లో ఇక్కడ శుక్రవారాలు, ఈస్టర్ ముందు నలభై రోజులు మాంసం తినకూడదు, చేప తినొచ్చు. ఇప్పటి స్వీడన్ దక్షిణ కొసన స్కోనియా తీరంలో హెరింగ్ చేప కుప్పలుగా పడేది. కానీ అది కొవ్వు చేప, వెంటనే ఉప్పు వేయకపోతే పాడైపోతుంది. అక్కడ ఉప్పు లేదు. ఉప్పు ఎక్కడుంది? ఇక్కడికి దక్షిణాన ల్యూనెబుర్గ్‌లో, భూమిలో ఉప్పునీటి ఊట. ఈ రెంటికీ మధ్య కూర్చున్న ఊరు ల్యూబెక్. 1143లో కట్టిన ఊరు, బాల్టిక్ సముద్రానికి జర్మన్ వర్తకుల గుమ్మం. హాంబుర్గ్ అటువైపు ఉత్తర సముద్రానికి గుమ్మం. 1241లో ఈ రెండు ఊళ్ళూ ఒప్పందం చేసుకున్నాయి, మధ్యలో దారి దోపిడీలు జరక్కుండా ఇద్దరం కలిసి చూసుకుందామని. 1398కి ఉప్పు పడవల కోసం కాలవ కూడా తవ్వేశారు. ల్యూబెక్ వెళ్ళినవాళ్ళు హోల్‌స్టెన్ గేటు ముందు ఫోటో దిగి వచ్చేస్తారు, పక్కనే ఏటి ఒడ్డున ఇటుకలతో కట్టిన పాత ఉప్పు గిడ్డంగులుంటాయి, ఈసారి వాటినీ చూడండి.

అలా ఊరికి ఊరు తోడై, పెద్ద వల అయింది. రష్యాలో నోవ్‌గొరొద్ నుంచి బొచ్చు తోళ్ళు, మైనం. డాన్‌జిగ్ నుంచి, అంటే ఇప్పటి పోలండ్‌లో గ్డాన్స్క్ నుంచి, ధాన్యం, కలప. ఇంగ్లండు నుంచి ఉన్ని. ఇప్పటి బెల్జియంలో ఉన్న బ్రూజ్‌లో బట్ట. నార్వేలో బెర్గెన్‌లో ఎండు కాడ్ చేప. నాలుగు చోట్ల పెద్ద కొట్లు: లండన్, బ్రూజ్, బెర్గెన్, నోవ్‌గొరొద్. నోవ్‌గొరొద్‌లో సెయింట్ పీటర్ చర్చినే గోడౌన్‌గా వాడుకున్నారు, దేవుడి దగ్గర సరుకు దొంగతనం కాదని కాబోలు. లండన్ కొట్టున్న చోట ఇప్పుడు కానన్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ ఉంది.

బెర్గెన్ నేను చూశాను, డ్యూటీలో ఉండగానే, 1990ల్లో. రేవు పక్కన వరసగా చెక్క ఇళ్ళు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని. జర్మనీ నుంచి పద్నాలుగు పదిహేనేళ్ళ కుర్రాళ్ళని పని నేర్చుకోమని అక్కడికి పంపేవాళ్ళు. అంతా కర్ర, నిప్పంటుకుంటే బూడిదే, అందుకని ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగించకూడదు, దీపం కూడా వద్దు. బెర్గెన్ చలికాలంలో! వెనకాల ఉమ్మడి గదులుండేవి, వంటా వెచ్చదనమూ అక్కడే. పెళ్ళి చేసుకోకూడదు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి పొగలో వేలాడదీయడం, చన్నీళ్ళలో ముంచడం, కొట్టడం, దాన్ని ఆటలు అనేవాళ్ళు. ర్యాగింగ్ అన్నమాట. ఆ పిల్లల ముఖాలు ఏ మ్యూజియంలోనూ ఉండవు, వర్తకుల బొమ్మలే ఉంటాయి, ఉంగరాలు పెట్టుకుని.

ఓడ సంగతి ఒకటి చెప్పాలి. 1962లో బ్రెమెన్ దగ్గర వేజర్ నదిలో పూడిక తీస్తుంటే పాత ఓడ దొరికింది. కాగ్ అంటారు, హాన్సా సరుకు మోసిన రకం. 1380 ప్రాంతం నాటిది, ఇప్పుడు బ్రెమర్‌హాఫెన్‌లో పెట్టారు. పొడవు 23 మీటర్లు. నాకు నవ్వొచ్చింది, నేను పనిచేసిన షిప్పుల్లో మెయిన్ ఇంజినే అందులో సగం ఉంటుంది. దాని చుట్టూ రెండు సార్లు తిరిగాను. కట్టడం పూర్తవకముందే ఏటి పోటుకి కొట్టుకుపోయిన ఓడట. ఒక్క ట్రిప్పు కూడా వేయలేదు. అది కట్టిన వడ్రంగులకి కూలి ఇచ్చారా లేదా? అక్కడ నిలబడి నేను ఆలోచించింది అదే. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇప్పుడు కార్యదర్శి గారి పాయింటుకి వస్తున్నాను. ఈ సంఘంలో ఎన్ని ఊళ్ళు? పుస్తకాలు తిరగేస్తే ఒకరు 70 అంటారు, ఒకరు 200 దాకా లాగుతారు. ఇది చరిత్రకారుల చేతకానితనం కాదండీ. ఆ ఊళ్ళే కావాలని జాబితా ఇవ్వలేదు. 1356లో మొదటి పెద్ద సభ ల్యూబెక్‌లో పెట్టారు, అంటే సంఘమైతే ఉంది. కానీ స్థాపించిన రోజు లేదు, రాజ్యాంగం లేదు, సొంత సైన్యం లేదు, అందరికీ కలిపి ఒక ముద్ర లేదు, ఖజానా లేదు. మన సంఘానికైనా బైలాస్ ఉన్నాయి, రిజిస్ట్రేషన్ నంబరుంది!

అలాగని లోపల వదులుగా ఉండేదనుకోకండి. లోపల మహా గట్టి. 1362లో డెన్మార్క్ రాజు వాల్డెమార్ మీదికి ఓడలు తీసుకెళ్ళినాయన ల్యూబెక్ మేయర్ యోహాన్ విట్టెన్‌బోర్గ్. ఓడిపోయి తిరిగొచ్చాడు. మరుసటి ఏడాది వాళ్ళ సొంత ఊరి బజారులోనే తల నరికేశారు. బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో 1374లో చేతిపనులవాళ్ళు తిరగబడి పెద్దల్ని చంపితే, ఆ ఊరినే సంఘం నుంచి వెలేశారు. వెలి అంటే మామూలు వెలి కాదు, ఆ ఊరివాడి సరుకు ఎవరూ కొనరు, ఏ ఓడా ఎక్కించుకోదు. ఆరేళ్ళకి దిగొచ్చి, ఆ ఊరి మేయర్లు ల్యూబెక్‌లో చెప్పుల్లేకుండా, చేతుల్లో కొవ్వొత్తులతో నడిచి క్షమాపణ అడిగారు. అంటే లోపలివాడు తప్పు చేస్తే ఎవరిది బాధ్యతో వేలు పెట్టి చూపించగలరు.

మరి బయటివాడు వచ్చి అడిగితే? 1468లో డెన్మార్క్ రాజు సముద్ర మార్గంలో ఇంగ్లీషు ఓడల్ని పట్టేసుకున్నాడు. అందులో డాన్‌జిగ్‌వాళ్ళ చెయ్యి ఉందని ఇంగ్లండుకి అనుమానం. లండన్‌లో ఉన్న హాన్సా వర్తకులందర్నీ లోపలేశారు, నష్టం మీరు కట్టండి అన్నారు. అప్పుడు, 1469లో, హాన్సా తరఫు లాయరు ఇచ్చిన జవాబు చూడండి. మేం కంపెనీ కాదు, మాకు ఉమ్మడి ఆస్తి లేదు, ఎవడి వ్యాపారం వాడిది. మేం ఒక సంస్థా కాదు, మాకు ఉమ్మడి ముద్ర లేదు, ఉమ్మడి ఖజానా లేదు. కాబట్టి ఒక ఊరు చేసినదానికి ఇంకో ఊరిని పట్టుకోవడానికి లేదు. క్లుప్తంగా చెప్పాలంటే, మీరు అడుగుతున్నవాడు అసలు లేడు.

అండీ, ఇది చదివినప్పుడు నేను లైబ్రరీలో పైకే అనేశాను, "ఓరి, ఇది ఆ ఫ్యాక్సే!" అని. పక్కన కూర్చున్న జర్మన్ ఆవిడ ముఖం చిట్లించింది.

ఏ ఫ్యాక్స్ అంటే. 1998. నేను సెకండ్ ఇంజనీర్ని, పాత జనరల్ కార్గో షిప్పు, మొత్తం ఇరవై ఒక్కమందిమి, అందులో తెలుగువాళ్ళం నలుగురం. పేర్లు ఏవీ చెప్పను. ఒక పోర్టు బయట లంగరేసి ఉన్నాం, జీతాలు ఆగిపోయాయి, పోర్టు బాకీలు కట్టలేదని లోపలికి రానివ్వరు, కదలనివ్వరు. ఏడు నెలలు. చివరికి జనరేటర్ రోజుకి రెండు గంటలే, డీజిల్ లేదు. డెక్కు మీద టార్పాలిన్ కట్టి వాన నీళ్ళు పట్టుకున్నాం. బియ్యం మనిషికి ఇంతని గ్లాసుతో కొలిచి ఇచ్చేవాడు కుక్కు. భీమిలి వైపు ఆయిలర్ ఒకాయన ఉండేవాడు, నాకంటే పెద్ద, గేలం వేసి చేపలు పట్టి, పొట్ట చీల్చి తాడుకి గుచ్చి డెక్కు మీద ఎండబెట్టేవాడు. మాకు అదే కూర. ఆయన కూతురు పెళ్ళి ఆ వైశాఖంలో. జీతంలోంచి నేరుగా ఇంటికి వెళ్ళవలసిన అలాట్‌మెంట్ డబ్బు నాలుగు నెలల్నించి వెళ్ళడం లేదని ఆయనకి తెలుసు. రోజూ పొద్దున్నే వచ్చి "సారూ, ఈరోజేమన్నా జవాబొచ్చిందా" అనేవాడు.

జవాబు వచ్చింది. షిప్పు మీది జెండా ఒక దేశానిది, కాగితాల్లో ఓనర్ కంపెనీ ఇంకో దేశంలో, నడిపించే ఆఫీసు మూడో దేశంలో, మమ్మల్ని ఎక్కించిన ఏజెంటు ముంబైలో. కెప్టెన్ నాలుగు చోట్లకీ రాశాడు. నడిపించే ఆఫీసు నుంచి వచ్చిన ఫ్యాక్స్‌లో రెండే లైన్లు. మేం ఓనర్లం కాము, ఓనర్ తరఫున ఏజెంట్లం మాత్రమే, జీతాల బాధ్యత మాది కాదు. మిగతా మూడు చోట్ల నుంచీ, అటూ ఇటూగా, అదే మాట. ఇంతకు ముందు అదే ఆఫీసు, ఫిట్టర్ ఒకడు డ్రిల్ బిట్ విరగ్గొట్టాడని జీతంలో కోసింది! కోసేటప్పుడు వాళ్ళే ఓనర్లు.

ఆ షిప్పు కోర్టు వేలంలో అమ్ముడుపోయింది. కోర్టు ఖర్చులు, పోర్టు బాకీలు పోగా మాకు వచ్చింది రావలసినదాంట్లో మూడో వంతు. ఆ అమ్మాయి పెళ్ళి ఆ ఏడు జరగలేదు. ఇంతకన్నా చెప్పను, పండగ పూట.

ఆ, 1469 దగ్గర ఉన్నాం కదా. తర్వాత ఏమైందో వినండి. లేము లేము అన్న ఆ సంఘం ఇంగ్లండు మీదికి సముద్ర యుద్ధానికి వెళ్ళింది. 1474లో ఉట్రెక్ట్‌లో సంధి. 10,000 పౌండ్ల పరిహారం, పైగా లండన్ కొట్టు స్థలం సొంతానికి రాయించుకున్నారు. ముద్ర లేనివాళ్ళు, ఖజానా లేనివాళ్ళు, పుచ్చుకోవడానికి మాత్రం ఉన్నారు! ఐకమత్యం అంటారా, ఆ గొడవలో కొలోన్ ఊరివాళ్ళు ఇంగ్లండుతో విడిగా మాట్లాడేసుకుని తమ వ్యాపారం తాము చేసుకున్నారు. 1471లో కొలోన్‌ని వెలేశారు, 1476లో మళ్ళీ కలుపుకున్నారు. కార్యదర్శి గారూ, మీ పాయింటుకి ఇంతకన్నా దగ్గరగా రాలేకపోతున్నాను, ఏమనుకోకండి.

చిన్న మాట, మన వైపుది. హాన్సా ఊళ్ళు ఏళ్ళ తరబడి తీరం తీరానికీ తిరిగి, రాజుల్నీ దొరల్నీ బతిమాలి సంపాదించిన హక్కు ఒకటుంది. ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకు తీరం దొరది కాదు, వర్తకుడిదే అని. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1244 ప్రాంతంలో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించాడు. గాలివానకి చెడి మా తీరానికి చేరిన ఓడల సరుకు పూర్వపు రాజులు మొత్తం లాక్కునేవాళ్ళు, మేం మాత్రం సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం, భయపడకండి అని. ఇప్పటి బాపట్ల జిల్లాలో వీరభద్రస్వామి గుడి దగ్గర ఉంది ఆ రాయి. చివర రాజు పేరుంది. అడగాలంటే ఎవర్ని అడగాలో తెలుస్తుంది, నాకు అందులో నచ్చింది అదొక్కటే. ఆ రాతిలో కూడా సరుకు గురించే ఉంది, ఓడలో మనుషుల గురించి లేదనుకోండి.

కార్యదర్శి గారు వాచీ చూస్తున్నారు. రెండు నిమిషాలు.

మీలో ఐటీవాళ్ళే ఎక్కువ. కానీ శ్రీకాకుళం, భీమిలి, కాకినాడ వైపు మేనల్లుడో, చిన్నాన్న కొడుకో షిప్పు ఎక్కుతున్నవాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, ఏజెంటుకి లక్షలు పోసి మరీ. వాడికి ఈ మాట చేరవేయండి. 2017 జనవరి నుంచి అంతర్జాతీయ రూలు ఒకటి అమల్లోకి వచ్చింది. రెండు నెలలు జీతం ఇవ్వకపోతే, తిండీ నీళ్ళూ లేకుండా వదిలేస్తే, ఇంటికి పంపకపోతే, వీటిలో ఏ ఒక్కటి జరిగినా షిప్పువాళ్ళని గాలికి వదిలేసినట్టే లెక్క. అప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ నేరుగా ఇవ్వాలి, నాలుగు నెలల దాకా జీతం, తిండి, ఇంటికి టికెట్. ఆ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ షిప్పులో అందరికీ కనబడేచోట అంటించి ఉండాలి. దాని మీద ఇన్సూరెన్స్ ఇచ్చినవాడి పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఓనర్ ఎవరో తేలకపోయినా, ఆ పేరు తేలుతుంది.

సైన్ ఆన్ చేసిన రోజే, అంటే షిప్పులో చేరిన రోజే, బ్యాగు క్యాబిన్‌లో పడేసి, వెళ్ళి ఆ కాగితం ఉందో లేదో చూడమనండి. గడువు తేదీ చదివి, ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేయమనండి. ఫోటో వచ్చిందో లేదో మీరు అడగండి, ఒకసారి కాదు, వచ్చేదాకా అడగండి. కాగితం లేకపోతే ఏం చేయాలో నాతో మాట్లాడండి, భోజనాల దగ్గర ఉంటాను, మా అల్లుడి నంబరు తీసుకోండి, నా ఫోన్ నేను ఎప్పుడూ ఎత్తను.

సరే, దిగుతున్నానండీ, లేచారు కదా.