ఇళ్లకంటే ముందు బడికొచ్చిన టీవీ

నమస్కారం. పిల్లల కోసం మన దగ్గరే తయారైన టీవీ కార్యక్రమాల గురించి ఈ రేడియోలో నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉన్న టైము తక్కువ, చరిత్రంతా ఏకరువు పెడితే మీరు స్టేషన్ మార్చేస్తారు. అందుకని ఒక్క ఏడాది సంగతే చెబుతాను. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా.

హైదరాబాద్ దూరదర్శన్ ఎప్పుడు మొదలైందని అడిగితే 1977 అక్టోబరు అని టక్కున చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కరెక్టే. కానీ తెలుగులో పిల్లల టీవీ అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. అదీ పట్నంలో ఇళ్లలోకి కాదు, పల్లెటూరి బడిలోకి.

'సైట్' అనేవారు దాన్ని. చదువు, సేద్యం, ఆరోగ్యం లాంటి విషయాలు ఉపగ్రహం ద్వారా పల్లెలకి చూపించే ప్రయోగం. ఉపగ్రహం మనది కాదు, నాసా దగ్గర ఏడాదికి అరువు తెచ్చుకున్నది, పేరు ఏటీఎస్-6. ఆ ఒప్పందం 1969లో కుదిరింది, దానికోసం అంత తాపత్రయపడిన శాస్త్రవేత్త, ఇస్రోకి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ మాత్రం పాపం ప్రసారం చూడకుండానే 1971లో పోయారు. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లని ఎంచుకున్నారు, ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది.

ఇక నాకిష్టమైన భాగం, ఆ కార్యక్రమం పిల్లాడి దగ్గరికి ఎలా వచ్చేదో చూడండి. అప్పటికింకా టీవీ స్టేషనే లేని హైదరాబాద్‌లో సైట్ కోసమని ఒక ప్రొడక్షన్ సెంటర్ పెట్టారు. తెలుగు కార్యక్రమం అక్కడ టేపు మీదికెక్కేది. ఆ టేపు అహ్మదాబాద్ వెళ్లేది, ఎందుకంటే ఉపగ్రహానికి సిగ్నల్ పంపే పెద్ద ఎర్త్ స్టేషన్ ఉన్నది అక్కడ. అక్కడినుంచి దాదాపు 36,000 కిలోమీటర్లు పైకి, మళ్లీ అంత దూరమూ కిందికి, తెలుగు పల్లెలోకి. బడి దగ్గర 10 అడుగుల వెడల్పున గొడుగు ఆంటెనా ఒకటి, కోళ్ల గూళ్లకి కొట్టే జాలీ ఉంటుంది చూశారా, దాంతో చేసింది. ఉపగ్రహం నాసాది, జాలీ కోళ్లది! లోపల నలుపు తెలుపు టీవీ, అది హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో తయారైంది. ఇప్పుడు చాలామందికి ఈసీఐఎల్ అంటే బస్సు దిగే చోటు, అంతే.

పొద్దున ప్రసారం గంటన్నర. తెలుగు, కన్నడం, ఒరియా, హిందీ, నాలుగు భాషలు పంచుకోవాలి, కాబట్టి భాషకి 22 నిమిషాల 30 సెకన్లు. ఆ కాస్త టైములోనే 5 నుంచి 12 ఏళ్ల పిల్లలందరికీ పనికొచ్చేది చూపించాలి. అక్షరాలు దిద్దే బుడ్డోడూ, లెక్కలు చేసే పెద్దపిల్లా ఒకే తెర ముందు. తీసేవాళ్లకి ఎంత టెన్షనో ఊహించండి. పంతుళ్లకి కూడా సెలవుల్లో టీవీ, రేడియో కలిపి సైన్సు చెప్పడంలో శిక్షణ ఇచ్చారు. రేడియో కూడా అని మళ్లీ అంటున్నాను, మన గొప్ప మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు?

అన్నీ హైదరాబాద్‌లోనే తీశారని కాదు. పిల్లల సైన్సు కార్యక్రమాలు ఇస్రో వాళ్లు బొంబాయిలో తీసేవారు, అవి భాషలు మార్చుకుని మన దగ్గరికి వచ్చేవి. ఇప్పటి కార్టూన్లూ డబ్బింగే కదా, తేడా ఏముందంటారేమో. నా మటుకు నాకు డబ్బింగ్ తప్పు కాదు. చూసే పిల్లాణ్ని మనసులో పెట్టుకుని తీశారా, ఎవరికోసమో తీసింది మనకి తగిలించారా అన్నదే అసలు సంగతి. సైట్ వాళ్ల మనసులో ఉన్నది పల్లెటూరి బడి పిల్లాడే.

ఫలితమా? మార్కులు పెద్దగా పెరగలేదు. కానీ భాష మెరుగుపడిందనీ, పుస్తకం అవతల కూడా తెలుసుకోవాలన్న ఆరాటం కనిపించిందనీ అప్పటి పరిశీలనలు చెప్పాయి. అంతలో ఏడాది అయిపోయింది. ఉపగ్రహాన్ని నాసా వాళ్లు వెనక్కి తీసుకెళ్లారు. 1980ల్లో సొంత ఉపగ్రహాలు, ఇన్‌శాట్‌లు, పైకి వెళ్లాకే మళ్లీ ఉపగ్రహం మీద బడి పిల్లలకి తెలుగు కార్యక్రమాలు వచ్చాయి.

ఇప్పుడు మీతో ఒక పని ఉంది. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు, పాతదాని మీదే కొత్తది రికార్డు చేయడం ప్రపంచమంతా మామూలే. కాబట్టి ఆ పాత టేపుల కోసం వెతకడం కంటే చూసినవాళ్లని అడగడం సులువు. ఆ తెర ముందు కూర్చున్న పిల్లలకి ఇప్పుడు అరవై అటూ ఇటూ ఉంటాయి. మీ పెదనాన్నో, మేనత్తో, పక్కింటి మాస్టారో ఆ ఊళ్లలో చదివి ఉంటే ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడగండి. "ఎలా అనిపించింది?" అని మాత్రం అడక్కండి, "ఏదో బాగుండేదిలే" అని ఊరుకుంటారు. టీవీ ఏ గదిలో పెట్టేవారు, తాళం ఎవరి దగ్గర ఉండేది, బొమ్మ పోతే ఎవరొచ్చి బాగుచేసేవారు, ఆడపిల్లలు ఎక్కడ కూర్చునేవారు, ఇలా అడగండి. ఒకటి చెబితే దాని వెనకే పది వస్తాయి. మధ్యలో అడ్డుపడి తారీఖులు సరిచేయకండి, అవి తర్వాత చూసుకోవచ్చు. అయిపోయాక ఆ ఫైలుకి ఊరి పేరు, చెప్పినవాళ్ల పేరు, రికార్డు చేసిన తేదీ పెట్టి ఇంకో చోట కూడా కాపీ దాచండి. ఫోన్ మార్చినప్పుడల్లా పోయేవి ముందు ఇలాంటివే.