నా ఓటు ఫెదొరోవ్‌కే

అందరికీ నమస్కారం.

ఈ డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్లలో చాలామందిలాగే నేనూ హాకీ అంటే ధ్యాన్‌చంద్ హాకీయే అనుకుంటూ వచ్చినవాణ్ణి. మొదటిసారి ఆఫీసు వాళ్లు ఐస్ హాకీ చూద్దామని జో లూయిస్ ఎరీనాకి తీసుకెళ్లినప్పుడు పక్, అంటే బంతికి బదులు వాడే ఆ నల్లటి రబ్బరు బిళ్ల, ఎక్కడుందో నా కంటికి ఆనలేదు. జనం లేచి అరిస్తే, ఓహో గోల్ పడిందన్నమాట అనుకునేవాణ్ణి. పక్క సీట్లో ఉన్న పెద్దాయనకి నా అవస్థ అర్థమైనట్టుంది. "పక్‌ని వదిలెయ్. 91వ నంబరు వాడి కాళ్లు చూడు" అన్నాడు. ఆ 91 డెట్రాయిట్ జట్టులోని రష్యా ఆటగాడు సెర్గెయ్ ఫెదొరోవ్. అప్పట్నుంచి ఇరవై ఏళ్లకు పైగా రష్యా ఫార్వర్డ్‌ల కాళ్లూ చేతులూ చూస్తూనే ఉన్నాను. వాళ్లలో పుట్టుకతో వచ్చిన ప్రతిభ ఎవరికి ఎక్కువ? ఈ ప్రశ్నకి నా దగ్గర ఓ జవాబుంది. ఒప్పుకోవాలని ఏమీ లేదు.

పోలికలతో వచ్చే చిక్కు మీకు తెలిసిందే. కాలం వేరు, కోచ్ వేరు, ఎదుటి జట్టు వేరు. 1972లో మాంట్రియల్‌లో కెనడా వాళ్లని నోళ్లు వెళ్లబెట్టేలా చేసిన సోవియట్ ఆటగాడు వలేరీ ఖర్లామోవ్‌ని నేను పాత ఫిల్ముల్లోనే చూశాను. అతనితో ఇప్పటివాళ్లని పోల్చడమంటే ఘంటసాలకీ నిన్నగాక మొన్న పాడిన కుర్రాడికీ పోటీ పెట్టడమే. ఆ జోలికి పోను.

కానీ ఒక్కచోట మాత్రం తూకం సరిగ్గా కుదిరింది. 1980ల చివర, మాస్కోలోని సైన్యం క్లబ్ సీఎస్‌కేఏ. కోచ్ విక్తర్ తిఖొనోవ్, మహా కఠినుడు. ఆటగాళ్లు ఏడాదిలో ఎక్కువ భాగం ఇల్లు వాకిలి వదిలి శిక్షణ శిబిరంలోనే ఉండాలి. అక్కడ ముగ్గురు కుర్రాళ్లని ఒకే వరసలో ఆడించారు. ఖబారొవ్‌స్క్ నుంచి వచ్చిన అలెగ్జాండర్ మొగిల్నీ, ప్స్కోవ్‌లో పుట్టిన ఫెదొరోవ్, వాళ్లకంటే చిన్నవాడు, మాస్కో పిల్లాడు పావెల్ బురే. 1989లో అలాస్కాలోని యాంకరేజ్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో సోవియట్ జట్టుకి బంగారు పతకం వచ్చింది. అదే ఏడాది మొగిల్నీ స్టాక్‌హోమ్‌లో జట్టుని వదిలి అమెరికా వెళ్లిపోయాడు. మరుసటేడు పోర్ట్‌లాండ్‌లో ఫెదొరోవ్ అదే పని చేశాడు. 1991లో బురే కూడా వచ్చేశాడు. ఒకే ఐస్, ఒకే కోచ్, ఒకే తిండి. తేడా ఉందంటే అది వాళ్లలోనే ఉండాలి.

మొగిల్నీ సొత్తు చేతులు. అమెరికాలో ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లో ఇరవై సెకన్లకే గోల్ కొట్టాడు. 1992–93లో 77 మ్యాచ్‌ల్లో 76 గోల్స్. అయినా అతను చెమటోడ్చినట్టు కనిపించేవాడు కాదు, అదే అతని మీద వచ్చిన విమర్శ కూడా. నన్నడిగితే అది విమర్శ కాదు. పెళ్లి వంటలో చెయ్యి తిరిగిన వంటమనిషి గరిటె తిప్పడం చూడండి, కష్టపడుతున్నట్టు ఉంటుందా?

బురే సంగతి వేరు. స్టిక్ మీదకి పక్ రాగానే ఎంత గొప్పవాడైనా వేగం కాస్త తగ్గిస్తాడు, చంకలో బిందె ఉన్న మనిషి నడకలాగ. బురే తగ్గేవాడు కాదు. నాన్న ఒలింపిక్ ఈతగాడు, ఆ ఒంటి బలం ఎక్కడ్నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. 1998 నగానో ఒలింపిక్స్ సెమీఫైనల్లో ఫిన్లాండ్ మీద ఒక్కడే ఐదు గోల్స్ కొట్టాడు. కానీ ఆ వేగాన్ని మోకాళ్లు మోయలేకపోయాయి. 702 మ్యాచ్‌లు, 437 గోల్స్, అంతటితో ఆట ఆగిపోయింది. ఆ మోకాళ్లు ఇంకో ఐదేళ్లు నిలిచి ఉంటే ఇవాళ నా ప్రసంగం పేరు మారేదేమో.

ఇక ఫెదొరోవ్. మొగిల్నీ అంతటి చేతులు లేవు, బురే అంతటి తెగింపూ లేదు. మరి ఓటు ఎందుకంటారా? ప్రతిభని నేను ఒక పనిలో లోతుతో కొలవను. ఎన్ని పనులు సునాయాసంగా వస్తాయో చూస్తాను. 1993–94లో 120 పాయింట్లు (గోల్‌కి ఒకటి, గోల్‌కి అందించిన పాస్‌కి, అంటే అసిస్టుకి, ఒకటి) చేసి ఇక్కడి ఎన్‌హెచ్ఎల్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ తీసుకున్నాడు. అదే ఏడాది డిఫెన్స్ బాగా చేసే ఫార్వర్డ్‌కి ఇచ్చే సెల్కీ ట్రోఫీ కూడా అతనికే. బ్యాటింగ్‌కీ బౌలింగ్‌కీ ఒకడికే బహుమతి ఇచ్చినట్టు. పెద్దాయన కాళ్లు చూడమన్నది ఎందుకో తర్వాత తెలిసింది. ముందుకి పోతున్నవాడు ఎదుటి జట్టుకి పక్ దొరకగానే ఆగకుండా, వేగం తగ్గకుండా, ఒక్క మలుపులో వెనక్కి తిరిగి స్కేట్ చేస్తూ తన జట్టు గోల్ వైపు వెళ్లేవాడు. ఆ మలుపులో బ్లేడు ఐస్‌ని గీరిన చప్పుడు కూడా పెద్దగా వచ్చేది కాదు.

ఇక్కడ వాషింగ్టన్ జట్టు రష్యా ఫార్వర్డ్ ఒవెచ్కిన్ అభిమానులు ఉన్నారని తెలుసు, కోపాలు కనిపిస్తూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 6న 895వ గోల్ కొట్టి, లీగ్‌లో అత్యధిక గోల్స్ రికార్డులో కెనడా దిగ్గజం వేన్ గ్రెట్జ్కీని దాటాడు. అదీ ఎప్పుడూ కొట్టే చోటు, ఐస్ మీద ఎడమవైపు గీసిన వృత్తం నుంచే. అక్కణ్ణుంచే కొడతాడని గోల్‌కీపర్‌కి తెలుసు, డిఫెండర్లకి తెలుసు, పాప్‌కార్న్ అమ్మేవాడికీ తెలుసు. అయినా ఆపలేరు. అదీ ప్రతిభే, కాదనను. కానీ నాకు అతని గొప్పతనం 2006 జనవరిలో ఫీనిక్స్ మీద కొట్టిన గోల్‌లో ఎక్కువ కనిపిస్తుంది. డిఫెండర్ పడేశాడు. వెల్లకిలా జారుకుంటూ పోతున్నాడు, ముఖం గోల్ వైపు కూడా లేదు. ఆ స్థితిలో తల మీదుగా స్టిక్ చాచి పక్‌ని లోపలికి లాగాడు. అవతలి జట్టు కోచ్ ఎవరో తెలుసా? గ్రెట్జ్కీయే. ఆయన కూడా తల పైకెత్తి పెద్ద తెర మీద రీప్లే చూశాడు.

మరో ఇద్దరు రష్యా ఫార్వర్డ్‌లు మాల్కిన్, కుచెరోవ్‌ల గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. కుచెరోవ్ 2023–24లో వంద అసిస్టులు చేశాడన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

నా లెక్కని నిజంగా ఇబ్బంది పెట్టేవాడు డెట్రాయిట్‌కే ఆడిన పావెల్ దత్స్యూక్. ఒవెచ్కిన్‌ని 2004 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, మొదటివాడిగా తీసుకున్నారు. దత్స్యూక్‌ని 1998లో 171వ వాడిగా తీసుకున్నారు. అంటే అంతమంది నిపుణుల కళ్లకి అతని ప్రతిభ ఆనలేదు. మనిషి చిన్నవాడు, చప్పుడు లేదు. వెనకనుంచి వచ్చి ఎదుటివాడి స్టిక్‌ని కాస్త పైకెత్తి పక్ కొట్టేసేవాడు. పోగొట్టుకున్నవాడికి రెండడుగులు పోయాకగానీ తెలిసేది కాదు. సెల్కీ మూడుసార్లు వచ్చింది. తమాషా ఏమిటంటే, మర్యాదగా ఆడేవాడికి ఇచ్చే లేడీ బింగ్ ట్రోఫీ వరసగా నాలుగేళ్లు ఈ దొంగకే ఇచ్చారు!

మరి దత్స్యూక్‌కి ఎందుకు ఓటు వెయ్యలేదు? తూకంలో చివరికి ఒక్క సీజన్ తేడా తెచ్చింది. 1996 డిసెంబర్ 26న వాషింగ్టన్ మీద డెట్రాయిట్ 5–4తో గెలిచింది. ఆ ఐదు గోల్సూ ఫెదొరోవ్‌వే, ఓవర్‌టైమ్‌లో పడ్డదానితో సహా. అదే సీజన్‌లో కోచ్ స్కాటీ బౌమన్ అతన్ని ఫార్వర్డ్‌ల వరసలోంచి తీసి కొన్నాళ్లు డిఫెన్స్‌లో నిలబెట్టాడు. ఆ సీజన్ చివర లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ డెట్రాయిట్‌కే వచ్చింది, 42 ఏళ్ల తర్వాత.

ఇక మీరు అడగండి. ఒవెచ్కిన్ వాళ్లు ముందు.