వెనకాల గోడౌన్ ఏమీ లేదండీ బాబూ! సూపర్‌మార్కెట్ స్టాఫ్ పని అసలు ఎలా నడుస్తుంది

[ఇంట్రో మ్యూజిక్ వద్దు, డైరెక్ట్‌గా మొదలు]

"లోపల ఉండే ఉంటుంది, వీళ్ళే తేవట్లేదు." సూపర్‌మార్కెట్‌లో పనిచేసే ఎవర్నైనా అడగండి, ఈ మాట వినని వాళ్ళు ఉండరు. నాకైతే ఇది వింటే ఒళ్ళు మండుతుంది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళ బుర్రలో ఉన్న షాపు బొమ్మే తప్పు. షెల్ఫ్ వెనకాల ఒక తలుపు, ఆ తలుపు వెనకాల పేద్ద గోడౌన్, అందులో అన్నీ పైకప్పు దాకా పేర్చి ఉంటాయి, ఈ కుర్రాడికి బద్ధకం కాబట్టి వెళ్ళట్లేదు... ఇదీ ఊహ.

ఈ ఊహ ఊరికే పుట్టలేదులెండి. ఒకప్పుడు షాపంటే అలాగే ఉండేది. మనం కౌంటర్ ఇవతల నిలబడి చీటీ ఇస్తే గుమాస్తా వెనక్కెళ్ళి ఒక్కోటీ తెచ్చి పెట్టేవాడు. 1916లో అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని ఒక షాపు తెరిచి, జనాన్నే లోపలికి వదిలేసి, మీకేం కావాలో మీరే తీసుకుని వచ్చి డబ్బులు కట్టండి అన్నాడు. అక్కడితో లెక్క తిరగబడింది. సరుకు పెట్టే చోటు, అమ్మే చోటు ఒకటే అయిపోయాయి. అంటే మీరు చూసే ఆ షెల్ఫే గోడౌన్. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా వీడియో అంతా దానంతటదే అర్థమైపోతుంది.

మరి వెనకాల ఉన్న గది ఏంటి? అది బస్టాండు.

అవును, బస్టాండే. బస్టాండులో ఎవరైనా కాపురం పెడతారా? బస్సు దిగుతారు, ఇంకో బస్సు ఎక్కుతారు, పోతారు. సరుకు కూడా అంతే, లారీ దిగుతుంది, చక్రాల బండి మీదకెక్కుతుంది, షెల్ఫ్‌కి పోతుంది. షాపు వాడు కట్టే అద్దె అంతా అమ్ముడుపోయే చోటు నుంచే రావాలి, వెనక గదిలో కూర్చున్న సరుకు రూపాయి తేదు, కాబట్టి ఆ గదిని వీలైనంత చిన్నగా పెడతారు. లోడ్ వచ్చిన రోజు అక్కడ కాలు పెట్టడానికి కూడా చోటుండదు, సాయంత్రానికి సగం ఖాళీ అయిపోవాలి, అవ్వకపోతే మర్నాడు వచ్చే లారీ ఎక్కడ దించాలి?

అయితే బస్టాండులో అసలు ఎవరూ మిగలరా అంటే మిగులుతారు, సీటు దొరకని ప్యాసింజర్లు. ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, ఎందుకంటే లోపల ఉంటుంది అనేవాళ్ళు కరెక్ట్ అయ్యేది ఈ ఒక్క చోటే. షాంపూ సీసాలు పెట్టెకి పన్నెండు వస్తాయనుకోండి. షెల్ఫ్ మీద ఆ షాంపూకి ఇచ్చిన జాగాలో పదే పడతాయి. ఆ జాగా స్టాఫ్ ఇష్టం కాదు, ఏ వస్తువు ఏ వరసలో ఎన్ని ముఖాలు కనపడాలో బొమ్మ గీసి పైనుంచి పంపిస్తారు, ప్లానోగ్రామ్ అంటారు. సో, పెట్టె విప్పితే రెండు మిగుల్తాయి. ఆ రెండూ తిరిగి వెనక్కి. రేపు ఇంకో పెట్టె వస్తే ఇంకో రెండు. ఇలా వందల రకాల్లో రెండేసి మూడేసి మిగిలినవన్నీ కలిపి అట్టపెట్టెల్లో కూర్చుంటాయి, అదీ మీరనుకునే గోడౌన్. అందులో మీక్కావల్సిన సీసా వెతకడమంటే పండగ ముందు రోజు బస్టాండులో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే.

[ఇక్కడ స్క్రీన్ మీద స్కానర్ బొమ్మ]

"సిస్టంలో నాలుగున్నాయని చూపిస్తోంది కదండీ, మరి ఎక్కడ?" ఇదింకో గొడవ. నాకు బాగా ఇష్టమైన టాపిక్ కూడా ఇదే. సిస్టంలో చూపించేది షెల్ఫ్ మీద ఉన్నవి కాదు. అది కేవలం లెక్క. వచ్చినవి ఎన్ని, బిల్ అయినవి ఎన్ని, పాడయ్యాయని రాసినవి ఎన్ని, తీసివేత అంతే. బస్సు చార్టులో పేరుంది, సీట్లో మనిషి లేడు, కండక్టర్ ఏం చేస్తాడు? దొంగతనం జరిగితే సిస్టంకి ఎవరూ చెప్పరు కదా, దొంగ బిల్ చేయించుకుని వెళ్ళడు. సీసా కిందపడి పగిలింది, జనం జారిపడతారని గబగబా తుడిచేశారు, స్కాన్ చేసి రాయడం మర్చిపోయారు, అదీ చార్టులో ఉండిపోతుంది.

కానీ అసలు మజా బిల్లింగ్ కౌంటర్‌లో ఉంది. మీరు రెండు షాంపూలు తెచ్చారు, ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే రేటు, ఒకటి ఎరుపు ఒకటి నీలం. వెనక లైను పెరుగుతోంది, మీరంటారు, "అమ్మా, ఒకటే రేటు కదా, ఒకటి కొట్టి రెండు అని నొక్కెయ్యి." ఆమె ఎర్రది కొట్టి రెండు నొక్కింది. మీ బిల్లు కరెక్టే, డబ్బులు కరెక్టే, ఎవరికీ ఏ నష్టం లేదనిపిస్తుంది. ఇప్పుడు సిస్టం దృష్టిలో ఎర్రవి రెండు పోయాయి, నీలం ఒక్కటి కూడా పోలేదు. రోజులు గడుస్తాయి, నీలం అన్నీ అమ్ముడుపోయాయి, షెల్ఫ్ ఖాళీ, కానీ సిస్టం మాత్రం ఇంకా ఒకటి ఉందిగా అంటుంది. చాలా చోట్ల ఆర్డర్ మనిషి పెట్టడు, స్టాక్ ఇంతకంటే తగ్గితే సిస్టమే పెడుతుంది. ఆ నీలం సీసాకే నాలుగుసార్లు ఇలా జరిగిందంటే నాలుగున్నాయని చూపిస్తుంది, కొత్త ఆర్డర్ పోదు, లారీలో సరుకు రాదు, ఆ నీలం జాగా వారాల తరబడి బోసిగా ఉంటుంది. మీరొచ్చి లోపల దాచారంటారు! దాచింది ఎవరూ కాదు, ఆ "రెండు నొక్కెయ్యి."

అందుకే మంచి క్యాషియర్ మీరెంత విసుక్కున్నా ఒక్కోటీ విడిగా కొడుతుంది. అదే సమయంలో నిమిషానికి ఎన్ని ఐటమ్స్ కొట్టావని ఆమె స్పీడు కూడా కొలుస్తారు చాలా షాపుల్లో. కరెక్ట్‌గా కొడితే స్పీడు తక్కువంటారు, స్పీడుగా కొడితే స్టాక్ తేడా అంటారు. ఈ రెండు లెక్కలూ ఒకే మనిషి నెత్తిన ఎందుకు పెడతారో ఆ కొలతలు పెట్టినవాళ్ళు ఒకసారి లైను ముందు కూర్చుని చెప్తే బాగుండు.

దీనికి మందు ఏంటంటే, పొద్దున్నే ఒకరు చేతిలో స్కానర్ పట్టుకుని వరస వరసా తిరుగుతూ ఖాళీ కనపడ్డ ప్రతి చోటా కింద ఉన్న రేటు చీటీ స్కాన్ చేస్తారు. సిస్టం నాలుగంటే వెనక్కెళ్ళి వెతుకుతారు, ఉంటే తెచ్చి పెడతారు, లేకపోతే సున్నా అని కొడతారు. ఆ సున్నా కొట్టాకే ఆర్డర్ కదులుతుంది. కాబట్టి మీకు కావల్సింది షెల్ఫ్‌లో లేకపోతే లోపల చూడు అనే కంటే, "దీని కౌంట్ ఒకసారి చెక్ చేస్తారా, లోడ్ మళ్ళీ ఎప్పుడు?" అని అడగండి. పని జరిగే ప్రశ్న అది.

ఇప్పుడు పాల దగ్గరికి. ముందు వరసలో దగ్గరి డేట్, వెనక వరసలో దూరం డేట్, ఇది మోసం అనుకుంటారు. కాదు, ముందు పోయే బస్సు ముందు ప్లాట్‌ఫాం మీద ఉంటుంది, అంతే. ఏది ముందు ఎక్స్‌పైర్ అవుతుందో అది ముందు అమ్ముడుపోవాలి. కొత్త లోడ్ వస్తే ఉన్నవన్నీ బయటికి లాగి, కొత్తవి లోపలికి తోసి, పాతవి ముందు పెట్టాలి. చల్లటి అల్మరాలో చెయ్యి భుజం దాకా పెట్టి చేసే పని ఇది, ఊరికే ముందు పేర్చేసి వెళ్ళిపోయేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ వల్లే డేట్ దాటినవి వెనకాల దొరుకుతాయి. మీరు వెనకనుంచి లాక్కుంటే తప్పేం లేదు, వారం దాకా తాగనివాళ్ళు అలాగే చెయ్యాలి, కానీ ఇవాళే తాగేసేవాళ్ళు కూడా మోచేతి దాకా తవ్వుతారు చూడండి, ముందువి అలాగే మిగిలి చెత్తలోకి పోతాయి.

ఇంకోటి, ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాకెట్ వద్దనిపిస్తే షాంపూల మధ్య పెట్టేసి వెళ్ళకండి. ఫ్రీజర్ ఉండాల్సింది మైనస్ 18 డిగ్రీల దగ్గర, ఆ ప్యాకెట్ బయట ఎంతసేపుందో దొరికినవాళ్ళకి తెలీదు, తెలీనప్పుడు మళ్ళీ లోపల పెట్టకూడదు, పారేసి నష్టం కింద రాయాలి. కౌంటర్‌లో ఇచ్చేయండి చాలు, మొహమాటం ఎందుకు.

టైం అయిపోతోంది, మిగతావి చకచకా చెప్తా.

సామాను ముందుకి లాగి ముఖాలు తిప్పి వరసగా నిలబెట్టడం, దాన్ని ఫేసింగ్ అంటారు. మూసే ముందు చేస్తారు, తెరిచిన పావుగంటకి మనం చెడగొడతాం.

బిల్లులో ఒక ఐటమ్ తీసెయ్యమంటే క్యాషియర్ సూపర్‌వైజర్ కోసం చూస్తుంది కదా, ఆమెకి రాక కాదు. కొట్టింది తీసేసి డబ్బులు జేబులో వేసుకోవడం పాత ట్రిక్కు, అందుకే తీసే అధికారం ఇంకొకరి కార్డుకో పాస్‌వర్డ్‌కో ఇస్తారు. షిఫ్ట్ మొదట్లో చిల్లర లెక్కపెట్టి ఇస్తారు, చివర్లో మళ్ళీ లెక్కపెట్టి అప్పజెప్పాలి, తేడా వస్తే ఆ లెక్క తేలేదాకా ఇంటికి వెళ్ళడం లేటే.

కూరగాయల బరువు చీటీ మీద ఉండే బార్‌కోడ్ మామూలు బార్‌కోడ్ కాదు. సాధారణంగా 2తో మొదలవుతుంది, బరువో రేటో అందులోనే దాగుంటుంది. అందుకే చీటీ అంటించాక సంచిలో ఇంకో రెండు టమాటాలు వెయ్యకండి, క్యాషియర్‌కి చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోతుంది.

ఇక ఆఖరిది. ప్యాకెట్ మడత పడి బార్‌కోడ్ స్కాన్ అవ్వకపోతే 13 అంకెలూ చేత్తో కొట్టాలి. ఇప్పుడు మనం చూసే ఈ గీతల బార్‌కోడ్‌ని షాపులో మొట్టమొదట స్కాన్ చేసింది 1974 జూన్ 26న, అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్. ఇన్నేళ్ళయినా ముడతపడ్డ కవరుకి మందు మాత్రం దొరకలేదు. ఆ చివరి అంకె ఉంది చూశారూ, ముందున్న 12 అంకెల్లో ఒకటి విడిచి ఒకటి మూడుతో గుణించి, అన్నీ కూడితే వచ్చే మొత్తం పదితో భాగం పోవాలంటే ఇంకెంత కలపాలో అదే ఆ అంకె, ఎక్కడ ఒక్క అంకె తప్పు పడినా లెక్క కుదరదు, మెషిన్ కీచుమంటుంది, మళ్ళీ మొదట్నుంచి కొట్టాలి. కాబట్టి క్యాషియర్ అంకెలు కొడుతున్నప్పుడు దయచేసి క్యారీబ్యాగ్ ఎంత అని అడక్కండి.