రీజెన్సీ ప్రేమకథలో ఒప్పందపు పెళ్లి: ప్లాట్ షీట్ ఇలా నింపండి

అందరికీ నమస్కారమండీ. రీజెన్సీ ప్రేమకథల్లో మ్యారేజ్ ఆఫ్ కన్వీనియన్స్ ఉంటుంది కదా, ప్రేమ లేకుండా అవసరం కోసం చేసుకునే పెళ్లి, దాని ప్లాట్ కడదాం ఇవాళ. ఇంగ్లండ్, 1811 నుంచి 1820 మధ్య. స్క్రీన్ మీద షీట్ ఉంది చూడండి. నాలుగు కాలమ్స్: అవసరం, డబ్బు, తేదీలు, బయటికి దారి.

అవసరం. హీరో ఎర్ల్, అంటే వంశపారంపర్యంగా బిరుదొచ్చే ప్రభువు. వేల ఎకరాలున్నాయి, చేతిలో డబ్బు లేదు. ఎందుకు? ఆ భూమి వంశానికి కట్టేసి ఉంది. ఆయన బతికున్నన్నాళ్లూ ఆదాయం తినొచ్చు, అమ్మడానికి లేదు. తండ్రి చేసిన అప్పులు మెడ మీదున్నాయి. టైప్ చేసేయండి. హీరోయిన్‌కి సొంత ఇల్లు కావాలి, బాబాయి పెత్తనం పోవాలి. అదీ టైప్ చేసేయండి. ఒక్క జాగ్రత్త. "ముప్పై ఏళ్లలోపు పెళ్లి కాకపోతే బిరుదు కజిన్‌కి" అని తాతగారి చేత వీలునామా రాయించకండి. బిరుదు వీలునామాతో కదలదండీ. ఆయన సొంత డబ్బుకైతే షరతు పెట్టుకోండి, పర్లేదు.

డబ్బు. హీరోయిన్ తెచ్చేది పోర్షన్, మన కట్నం అనుకోండి. 10,000 పౌండ్లు వేద్దాం. భర్త పోయాక ఆమెకి ఏటా వచ్చేది జాయించర్. వెయ్యికి వంద అన్నది అప్పట్లో వాడుక లెక్క, అంటే ఏడాదికి 1,000. చేతి ఖర్చుకి పిన్ మనీ, అది మీ ఇష్టం. పెళ్లవగానే ఆమె నగదంతా భర్తదే అయిపోతుంది, కాబట్టి ఇవన్నీ పెళ్లికి ముందే లాయర్లు రాయాలి, ట్రస్టీల పేరు మీద, అంటే ఆమె తరఫున ఆ డబ్బు చూసే నమ్మకస్తుల పేరు మీద రాయాలి. హీరో హీరోయిన్లిద్దరే లైబ్రరీలో కూర్చుని రాసుకున్న కాగితం కోర్టులో నిలబడదు. భార్యాభర్తలు అప్పటి చట్టం దృష్టిలో ఒకే మనిషి, తనతో తనకి ఒప్పందం ఎక్కడిది? ఆ సీన్ ఉంచుకోండి, భలే ఉంటుంది. దాని వెనక ట్రస్టీలు కూడా ఉండాలి, అంతే. ఆ ట్రస్టీల్లో ఒకరిగా బాబాయినే పెట్టండి, తర్వాత పనికొస్తాడు.

తేదీలు. ఇక్కడ ఎక్సెల్ వద్దు. ఎక్సెల్‌కి 1900 ముందు తేదీలు తేదీల్లా కనిపించవు, మామూలు అక్షరాల్లా పడుంటాయి. లిబ్రే ఆఫీస్ కాల్క్ తీసుకోండి. 1815 ఏప్రిల్ 9 కొట్టాను, ఆదివారం. కింద సెల్‌లో పైదానికి ప్లస్ 7, లాగేయండి. 16, 23. మూడు ఆదివారాలు చర్చిలో చాటింపు, బ్యాన్స్ అంటారు. 24 నుంచి పెళ్లి పెట్టుకోవచ్చు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు లోపే, సాయంత్రం పెళ్లిళ్లు లేవు. చాటింపు వద్దంటే మామూలు లైసెన్స్, అంటే చర్చి ఇచ్చే అనుమతి పత్రం; దానికి ఇద్దరిలో ఒకరు ఆ పారిష్‌లో, అంటే ఆ చర్చి కిందికొచ్చే ప్రాంతంలో, నాలుగు వారాలు ఉండాలి. స్పెషల్ లైసెన్స్‌కైతే ఊరూ వేళా పట్టింపు లేదు, అది కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ ఒక్కరే ఇస్తారు. పేర్లు లేని ఖాళీ లైసెన్స్ హీరో జేబులో పెట్టకండి, ఇద్దరి పేర్లూ అందులో ఉండాలి. హీరోయిన్‌కి 21 నిండాయా చూసుకోండి. నిండకుండా, తండ్రి ఒప్పుకోకుండా లైసెన్స్‌తో చేస్తే ఆ పెళ్లి చెల్లదు. నేనైతే 22 వేస్తాను, గొడవ లేదు. రిజిస్టర్‌లో ఆమె పుట్టింటి పేరుతోనే సంతకం, ఇద్దరు సాక్షులు. అయిపోయింది.

ఇప్పుడు నాలుగో కాలమ్. బయటికి దారి. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, ఎక్కువ కథలు పడిపోయేది ఇక్కడే. "పేరుకే పెళ్లి, ఒకరినొకరు ముట్టుకోం, ఏడాది తర్వాత రద్దు చేసుకుందాం." కుదరదండీ. మళ్లీ చెప్తున్నాను, కుదరదు. కాపురం జరగలేదన్న ఒక్క కారణంతో ఆ రోజుల్లో పెళ్లి రద్దవదు. భర్తకో భార్యకో అసలు ఆ సామర్థ్యమే లేదని చర్చి కోర్టులో రుజువు చేయాలి. దానికి మామూలుగా మూడేళ్లు కలిసి ఉండి చూడమనేవారు, పైగా వైద్య పరీక్షలు. ఏ ఎర్ల్ ఒప్పుకుంటాడు? ఇష్టం లేక కాపురం చేయకపోవడం ఇంగ్లండ్‌లో రద్దుకి కారణమైంది 1937 చట్టంతో. మీ కథకి వందేళ్లు దాటాక! విడాకులా? 1857 చట్టం దాకా, మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే పార్లమెంటులో ఒక్కో జంటకి విడిగా చట్టం చేయించుకోవాలి. మామూలుగా భార్య వ్యభిచారం రుజువు కావాలి, బోలెడు డబ్బు కావాలి, పరువు పోతుంది.

అందుకే ఆ సెల్‌లో "రద్దు" ఉంటే చెరిపేయండి. "భార్యాభర్తలు విడిగా ఉండటం" అని రాయండి, పక్కన "ముట్టుకోం" అన్న మాట కూడా ఉంచండి. విడిగా ఉండటమంటే ట్రస్టీల ద్వారా రాసుకునే ఒప్పందం: ఆమెకి వేరే ఇల్లు, ఏటా ఇంత డబ్బు. ఇద్దరికీ మళ్లీ పెళ్లి మాత్రం లేదు. చూశారా, కథ ఎంత బిగిసిందో. తలుపు మూసుకుపోయిందని తెలిసే ఇద్దరూ సంతకం చేస్తున్నారు. ఆ సంతకానికి బరువొచ్చేది అందుకే.

ఇప్పుడు పైకి, మొదటి కాలమ్‌కి రండి. హీరో అవసరాల కింద ఇంకో లైన్ కలపండి: వారసుడు. ఆయన కొడుకుల్లో బిరుదు వెళ్లేది పెళ్లిలో పుట్టినవాడికే. అటు ముట్టుకోం అన్న మాట, ఇటు వారసుడు కావాలన్న అవసరం, రెండూ ఒకే షీట్‌లో ఉన్నాయి. ఆ రెండు సెల్స్‌కీ పసుపు రంగు వేయండి. ఆ గొడవ మొదట ఎవరు ఎత్తుతారో పక్కన రాయండి. నేను హీరోయిన్ పేరు రాస్తున్నాను. కంట్రోల్ ఎస్ కొట్టి సేవ్ చేసేయండి.