వంపు దారిలో వేక్: రెండు సగాల కథ

అందరికీ నమస్కారం.

గాలి ప్రవాహానికి అడ్డంగా గుండ్రటి కడ్డీ పెడితే దాని వెనక గాలి మందగించి, సుడులు తిరుగుతూ పోతుంది. ఆ మందగించిన పట్టీనే వేక్ అంటున్నాం. తిన్నటి విండ్ టన్నెల్‌లో దాని నడవడి మనకు బాగా తెలుసు. సుడులు రెండు పక్కల నుంచీ వంతులవారీగా విడివడతాయి, స్ట్రౌహాల్ సంఖ్య (సుడులు విడివడే పౌనఃపున్యాన్ని కడ్డీ మందంతో గుణించి గాలి వేగంతో భాగిస్తే వచ్చేది) చాలా మేరకు 0.2 దగ్గరే ఉంటుంది. సగటున చూస్తే మధ్యగీతకు అటూ ఇటూ ఒకేలా ఉంటుంది.

కానీ టర్బైన్ లోపల తిన్నటి దారి ఎక్కడుంది? ఒక వరస బ్లేడ్ల వేక్ తర్వాతి వరస మధ్య వంపు తిరుగుతూ, మారే పీడనంలోంచి పోవాలి. విమానం రెక్క ముందుండే స్లాట్ (slat) అనే చిన్న పలక వేక్‌కూ ఇదే పరిస్థితి.

ముందు పీడనం సంగతి చూద్దాం. బయటి గాలి వేగం సెకనుకు 20 మీటర్లు, వేక్ నడుమ 18 అనుకోండి. పోనుపోను పీడనం పెరిగి బయటి వేగం 10కి దిగింది. స్నిగ్ధతనూ (గాలి పొరల మధ్య రాపిడి) టర్బులెన్స్‌నూ (గజిబిజి సుడుల కలయిక) పక్కనపెట్టి బెర్నూలీ సూత్రంతో లెక్క కట్టండి. పీడనం పెరుగుదల రెండు చోట్లా ఒకటే కాబట్టి, వేగాల వర్గాల్లోంచి రెండు చోట్లా 300 పోవాలి. బయట 400లో 100 మిగిలింది. నడుమ 324లో మిగిలింది 24 మాత్రమే, అంటే వేగం 5 కూడా లేదు! 2 మీటర్ల లోటు 5 దాటింది. నిజానికి టర్బులెన్స్ బయటి గాలిని లోపలికి కలిపి కొంత ఆదుకుంటుంది. అది చాలనప్పుడు, ఏ గోడా దగ్గర లేకపోయినా, నడి ప్రవాహంలోనే గాలి వెనక్కి మళ్లుతుంది.

వంపు చేసే పని నాకు ఇంకా ఆసక్తికరం. వంపు కేంద్రం నుంచి బయటికి వెళ్లేకొద్దీ కోణీయ ద్రవ్యవేగం (వేగాన్ని కేంద్రం నుంచి దూరంతో గుణిస్తే వచ్చేది) తగ్గితే ప్రవాహం అస్థిరమని భౌతిక శాస్త్రవేత్త రేలీ 1917లో చూపాడు. వేక్ లోపలి అంచు (వంపు కేంద్రం వైపుది) నుంచి నడుముకు వస్తుంటే సరిగ్గా అలాగే తగ్గుతుంది, అక్కడ టర్బులెన్స్ రేగుతుంది. నడుము దాటి బయటి అంచుకు పోతుంటే పెరుగుతుంది, అక్కడ అణుగుతుంది. అందుకే లోపలి సగం వెడల్పవుతుంది, బయటి సగం అంతగా విచ్చుకోదు.

వంపు స్వల్పమే కదా అని వదిలేయకండి. సమీకరణాల్లో అదనంగా చేరే పదాలను చూసి ఊహించేదానికంటే అసలు ప్రభావం సుమారు 10 రెట్లు ఉంటుందని ప్రవాహ శాస్త్రవేత్త బ్రాడ్‌షా 1973లోనే హెచ్చరించాడు. టర్బులెన్స్‌ను లెక్కగట్టే మామూలు కె-ఎప్సిలాన్ నమూనాకు ఇది దాదాపు పట్టదు. రేనాల్డ్స్ ప్రతిబలాలను (వేగపు ఒడిదుడుకుల వల్ల ప్రవాహంలో పుట్టేవి) విడివిడిగా లెక్కించే నమూనాలు చాలా నయం. సగటు వేగం సరిపోయిందని లెక్కను ఒప్పేసుకోవడం నాకు సమ్మతం కాదు. వేక్ రెండు సగాల్లోనూ ఆ ప్రతిబలాల్లో ఒకటైన కోత ప్రతిబలాన్ని హాట్-వైర్‌తో (గాలి వేగాన్ని కొలిచే సన్నటి వేడి తీగ) కొలిచి, ఆ కొలతతో పోల్చాకే నమూనాను బ్లేడ్ల మీద వాడండి.