ఫిడేలు, ఇంకు పెన్ను, హాల్‌టికెట్టు

(ఫస్టియర్ విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన సభలో ఒక ఫైనలియర్ విద్యార్థి చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకు నమస్కారం. ఫస్టియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు స్వాగతం.

నేను ఫిడేలు వాయిస్తాను, కాలేజీ మ్యాగజైన్‌కి కార్టూన్లు వేస్తాను, మధ్యలో పరీక్షలు రాస్తాను. ఈ మూడూ ఎలా నెట్టుకొస్తున్నావో జూనియర్లకు చెప్పు బాబూ అని మా సార్ అడిగారు. బయట నోటీసులో మాత్రం దీనికి 'టైమ్ మేనేజ్‌మెంట్' అని పేరు పెట్టారు. ఆ పేరుతో వచ్చే సలహా మీకూ తెలుసు: టైమ్‌టేబుల్ వేసుకో, దీనికో గంట, దానికో గంట, గళ్లు గీసి రంగులు నింపు. బొమ్మలేసేవాళ్లకు ఇది మరీ ప్రమాదం. టైమ్‌టేబుల్ చాలా అందంగా వస్తుంది. అది వేయడంలోనే ఆదివారం అయిపోతుంది.

నేను చెప్పేది వేరు. ఈ మూడు పనులూ టైమ్‌ని ఒకే తీరుగా తీసుకోవు. సంగీతం రోజూ కొంచెం అడుగుతుంది. కార్టూన్ వారానికోసారి పెద్ద ముక్క అడుగుతుంది. చదువు వారాల తరబడి ఏమీ అడగనట్టే ఉండి, చివర్లో వడ్డీతో సహా అడుగుతుంది. మూడింటికీ సమానంగా పంచితే మూడింటికీ చాలదు.

ముందు సంగీతం. ఆదివారం మూడు గంటలు ఏకబిగిన వాయించడం కన్నా రోజూ అరగంట నయం అని గురువులంతా చెబుతారు. అది క్రమశిక్షణ కోసం చెప్పే మాటలా వినిపిస్తుంది గానీ, వేళ్లు నేర్చుకునే పద్ధతే అంత. 2002లో నిద్ర మీద పరిశోధించే మాథ్యూ వాకర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. కీబోర్డు మీద ఐదు అంకెల వరసను వీలైనంత వేగంగా, తప్పుల్లేకుండా కొట్టమన్నారు. రాత్రి నిద్రపోయి లేచాక, మధ్యలో ఏ సాధనా లేకుండానే, వేగం దాదాపు 20 శాతం పెరిగింది. అంతే సేపు మేలుకుని ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే మనం పడుకున్నాక కూడా చేతి పాఠం నడుస్తూనే ఉంటుందన్నమాట. వారంలో ఏడు రాత్రులుంటే ఏడింటినీ వాడుకున్నవాడు లాభపడతాడు. ఆదివారం ఒక్కరోజే వాయించినవాడు ఒక్క రాత్రితో సరిపెట్టుకోవాలి.

ఇంకో విషయం. నిద్ర మానుకుని సాధన చేస్తున్నానని గొప్పగా చెప్పుకునేవాళ్లు మన హాస్టళ్లలో చాలామంది ఉన్నారు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త బృందం బెర్లిన్‌లోని ఒక సంగీత అకాడమీలో ఫిడేలు విద్యార్థుల దినచర్యలను పరిశీలించింది. బాగా వాయించేవాళ్లు రోజంతా కమాను పట్టుకుని కూర్చోలేదు. వాళ్ల సాధన మధ్య మధ్య విశ్రాంతితో, విడతలు విడతలుగా సాగింది. సంగీతం టీచర్లు కావడానికి చదువుతున్న మరో గ్రూపు కన్నా వీళ్లు ఎక్కువ నిద్రపోయారు, మధ్యాహ్నం కునుకు తీశారు. ఈ పరిశోధనను లోకమంతా 'పదివేల గంటలు' సాధన చేస్తే దిట్ట అయిపోతామన్న లెక్కగా గుర్తుపెట్టుకుంది. కునుకు సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకు మాత్రం అదే నచ్చింది.

అయితే ఆ అరగంటలో ఏం చేస్తున్నామన్నది ముఖ్యం. మొత్తం పాట పైనుంచి కిందికి నాలుగుసార్లు వాయిస్తే మనసుకు హాయిగా ఉంటుంది, అది సాధన కిందకి రాదు. ఎక్కడ వేలు తడబడుతోందో ఆ రెండు ఆవర్తనాలు పట్టుకుని, లయ కొట్టే మెట్రోనోమ్ వేగం సగానికి తగ్గించి, శ్రుతి తప్పకుండా వచ్చేదాకా వాయించాలి. విసుగ్గానే ఉంటుంది. పక్క గదివాళ్లకు ఇంకా విసుగు. కానీ అరగంటలో తేలే పని అది.

కార్టూన్ సంగతి పూర్తిగా వేరు. దాన్ని రోజూ అరగంటల్లో పెడితే ఏమీ రాదు. ఎందుకంటే కార్టూన్ ఒక పని కాదు, రెండు పనులు. ఐడియా దొరకడం ఒకటి, దాన్ని ఇంకుతో కాగితం మీదికి తేవడం ఇంకొకటి. ఐడియా కుర్చీలో కూర్చుని పిలిస్తే రాదు. క్యూలో, కారిడార్‌లో, ఎవరో సెల్‌ఫోన్‌లో గట్టిగా పోట్లాడుతుంటే వస్తుంది. దానికి టైమ్ కేటాయించాల్సిన పని లేదు, జేబులో చిన్న పుస్తకం ఉంటే చాలు. విన్న మాట విన్నట్టు రాసుకోవడం మంచిది. జోకుగా మార్చి రాసుకుంటే తర్వాత చదివినప్పుడు అందులో ఏం నవ్వొచ్చిందో మనకే అర్థం కాదు. ఇంకు పనికి మాత్రం ఎవరూ తలుపు కొట్టని రెండు మూడు గంటలు కావాలి. పెన్సిల్ గీత, అక్షరాలు, ఆ తర్వాత మాటల చుట్టూ బెలూన్, చివరికి ఇంకు. చాలామంది బొమ్మ ముందు వేసి మాటలు చివర్లో ఇరికిస్తారు. అక్షరాలు చీమల బారులా అయిపోతాయి. మాటలకు చోటు ముందే వదులుకుంటే సగం దిద్దుబాటు తప్పుతుంది, టైమ్ కూడా మిగులుతుంది.

డెడ్‌లైన్ లేని కార్టూన్ పుట్టదు. ఉన్నంత టైమ్‌నీ నింపేదాకా పని సాగుతూనే ఉంటుందని పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత 1955లో ఒక వ్యాసంలో సరదాగా రాశాడు. ఆఫీసుల గురించి రాసినా, అది బొమ్మలేసేవాళ్లకే బాగా పడుతుంది. గోడపత్రికకైనా ఒప్పుకోండి, ఫలానా రోజు ఇస్తానని నోటితో చెప్పండి.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. క్లాసులో బొమ్మలు వేసుకోవచ్చా? లెక్చరర్లు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి జాగ్రత్తగా చెబుతాను. 2009లో జాకీ ఆండ్రేడ్ అనే మనస్తత్వవేత్త 40 మందికి విసుగు పుట్టించే ఫోన్ మెసేజ్ ఒకటి వినిపించారు. వింటూ కాగితం మీది ఆకారాలకు పెన్సిల్‌తో రంగు నింపినవాళ్లు, ఊరికే కూర్చుని విన్నవాళ్ల కన్నా 29 శాతం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. చప్పట్లు ఆపండి, ఇంకా అయిపోలేదు. వాళ్లు చేసింది గళ్లు నింపడం. జోకు ఆలోచించలేదు, పోలిక కుదరలేదని సార్ ముక్కును మూడుసార్లు చెరిపి గీయలేదు. చేయి ఆడుతుంటే చెవి పనిచేస్తుంది. బుర్ర కూడా బొమ్మలోకి దిగిందంటే చెవి మూసుకున్నట్టే. కాబట్టి మార్జిన్‌లో తీగలు, చుక్కలు, గీతలు ఓకే. క్యారికేచర్ మాత్రం క్లాసు అయ్యాకే.

చదువు దగ్గరికి వద్దాం. మూడింటిలో దీనికొక మంచి గుణం ఉంది, తన తేదీలు ముందే చెబుతుంది. ఇంటర్నల్స్ ఎప్పుడో, రికార్డులు ఎప్పుడివ్వాలో సెమిస్టర్ మొదట్లోనే దాదాపుగా తెలిసిపోతుంది. కచేరీ ఒప్పుకునే ముందు ఆ తేదీలు చూసుకున్నవాడికి సగం టెన్షన్ ఉండదు.

అసలు మాట ఇది: సంగీతానికి, బొమ్మలకు టైమ్ ఎక్కడినుంచి తేవాలి? నిద్రలోంచి తేకూడదని ముందే అనుకున్నాం. క్లాసులు ఎగ్గొట్టి తెస్తే చివర్లో అటెండెన్స్ కొరత వస్తుంది. నేను చూసినంతలో ఎక్కువ టైమ్ దొరికేది మనం చదివే పద్ధతిలోనే. చదివిందే మళ్లీ చదువుతాం. పసుపు పెన్నుతో గీతలు కొడతాం, మధ్యలో ఫోన్ చూస్తాం, నాలుగు గంటలు చదివానని లేస్తాం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు విద్యార్థులకు పాఠాలిచ్చారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది, మూసి రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. మనం పడేదంతా ఆ ఐదు నిమిషాల మాయలోనే. చదవగానే అంతా వచ్చేసినట్టు ఉంటుంది, పరీక్ష హాల్లో పేజీ రంగు గుర్తుంటుంది గానీ పాయింట్ రాదు.

బొమ్మలేసేవాళ్లకు ఇక్కడ ఒక వీలుంది. పుస్తకం మూసి పటం గీయండి. కిడ్నీ కానివ్వండి, సర్క్యూట్ కానివ్వండి, సరఫరా గిరాకీ రేఖలు కానివ్వండి. ఎక్కడ చేయి ఆగిందో అక్కడే మనకు రానిది ఉంది. ఆ ముక్క ఒక్కటే తెరిచి చూసుకోవాలి. నాలుగు గంటల పని రెండుకు తగ్గితే, మిగిలిన రెండు గంటలూ న్యాయంగా మీవి.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు జరిగే నష్టం ఇంకొకటుంది. సగంలో వదిలిన పని బుర్రలోనే తిరుగుతూ ఉంటుంది, కొత్త పనిని కుదురుగా సాగనివ్వదు. సోఫీ లెరాయ్ 2009లో దీనిమీదే పరిశోధన చేశారు. నేను చేసేది ఒక్కటే. లేచే ముందు మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో ఒక వాక్యం రాసిపెడతాను: 'రెండో చరణం, మూడో వేలు', 'ఆఖరి గడిలో కుక్క మొహం', 'ఆరో లెక్క, రెండో స్టెప్పు'. అది చదివిన మా రూమ్మేట్‌కు నా మీద అనుమానాలున్నాయి. ఒక సాయంత్రం మూడు పనులూ పెట్టుకోను, రెండే.

ఇక చేయి. మనకున్నది ఒకే జత. నోట్సు రాసేదీ, ఇంకు గీత లాగేదీ, కమాను పట్టేదీ అదే మణికట్టు. షూమాన్ అనే జర్మన్ సంగీతకారుడు లా చదువు వదిలి పియానో వైపు వచ్చాడు, కుడిచేతి వేలు దెబ్బతిని పియానో కచేరీల ఆశ వదులుకున్నాడు, స్వరకర్తగా మిగిలాడు. మూడు గంటల పరీక్ష రాసొచ్చి వెంటనే కమాను పట్టకండి. నొప్పి రెండు రోజులు దాటితే యూట్యూబ్ చూడొద్దు, డాక్టర్ని చూడండి.

టైమ్ తినేవాళ్ల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. నన్నడిగితే సంగీతం మన చదువు పాడుచేయదు, కార్టూన్లు కూడా పాడుచేయవు. 'అన్నా, ఒక్క చిన్న పోస్టర్' పాడుచేస్తుంది. బొమ్మలొచ్చని తెలిసిన మర్నాటి నుంచి ఫెస్ట్ బ్యానర్, ఫేర్‌వెల్ కార్డు, ఎవరో అన్నయ్య స్టార్టప్ లోగో, ఎవరో అక్క రికార్డులో కప్ప బొమ్మ, అన్నీ మన దగ్గరికే వస్తాయి. ఫిడేలు వచ్చంటే ప్రతి సభకూ ప్రార్థనా గీతం మనదే. అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. బొమ్మ వేయడానికి టైమ్ పడుతుందని వాళ్లకు తెలియదు, అంతే. మొహమాటంతో 'చూస్తాలే' అంటాం. 'చూస్తాలే' అంటే వాళ్ల లెక్కలో ఒప్పుకున్నట్టే. అలా కాకుండా మాటలు ఫైనల్ అయ్యాయా, సైజెంత, ఎప్పటికి కావాలి అని అడగండి. సగం మంది 'మాటలు ఇంకా అనుకోలేదు' అని వెళ్లిపోతారు. మిగిలినవాళ్లకు మీకు వీలైన తేదీ చెప్పండి. 'పరీక్షలయ్యాక' అన్నది కూడా ఒక తేదీయే. వాళ్లకు కోపం వస్తే వస్తుంది, రెండు రోజుల్లో పోతుంది, ఎందుకంటే ఇంకో పోస్టర్ అవసరం పడుతుంది.

పెద్దవాళ్ల ఉదాహరణలు చాలామంది చెబుతారు, నేనూ చెబుతాను, కాకపోతే మొత్తం చెబుతాను. చిత్రకారుడు పాల్ క్లే సంగీతకారుల ఇంట పుట్టాడు, పదకొండేళ్లకే స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సంగీత సంఘంతో కలిసి ఫిడేలు వాయించాడు. స్కూలు పుస్తకాల నిండా వ్యంగ్య చిత్రాలే. మన బాపతే. 1898లో ఆఖరి పరీక్ష బొటాబొటీ మార్కులతో గట్టెక్కాడు. బొటాబొటీ పాస్‌నే ప్లాన్‌గా పెట్టుకుంటే ఎంత రిస్కో, ఒక్క మార్కు ఇవతల ఆగిపోయిన సీనియర్లు మీకు చెబుతారు. క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే అంతరిక్ష ధూళి మీద పీహెచ్‌డీ మొదలుపెట్టి, 1974లో బ్యాండు కోసం ఆపేసి, 2007లో పూర్తిచేశాడు. ఆ మధ్యకాలంలో ఆ ధూళి గురించి పెద్దగా ఎవరూ పనిచేయకపోవడం ఆయనకు కలిసొచ్చింది. మన సెమిస్టర్ సబ్జెక్టులు అంత ఓపిగ్గా ఎదురుచూడవు, సిలబస్ మారిపోతుంది.

నాకు నచ్చిన ఉదాహరణ ఒసాము తెజుకాది. జపాన్‌లో వైద్య విద్యార్థిగా ఉండగానే 1946లో పత్రికలో కామిక్స్ మొదలుపెట్టాడు. చదువు పూర్తి చేశాడు, డాక్టరు లైసెన్సు తెచ్చుకున్నాడు, వృత్తిగా మాత్రం కామిక్స్‌నే ఎంచుకున్నాడు. 1961లో వైద్యంలో డాక్టరేట్ కూడా తీసుకున్నాడు. తర్వాత ఆయన సృష్టించిన బాగా పేరున్న పాత్రల్లో ఒకడు సర్జన్. ఆపరేషన్ థియేటర్‌లో ఏ వస్తువు ఎక్కడుంటుందో ఆయన ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. మన బాపు గారు కూడా లా చదివిన మనిషే. చదువు కార్టూనిస్టుకు ముడిసరుకు, బోర్ కొట్టే సబ్జెక్టు మరీ ఎక్కువ.

సంగీతం కూడా అంతే. మూడు గళ్ల స్ట్రిప్‌లో రెండో గడి ఖాళీగా, మాటల్లేకుండా వదిలితే మూడో గడిలో నవ్వు పేలుతుంది. తాళంలో విసర్జితం, అంటే చప్పుడు లేకుండా చేయి ఆడించే క్రియ, వేసినప్పుడు చెవి తర్వాతి దెబ్బ కోసం చూస్తుందే, అదే ఇది. అమెరికన్ కార్టూనిస్టు చార్లెస్ షుల్జ్ తన 'పీనట్స్' స్ట్రిప్‌లో పియానో వాయించే పిల్లాడి తల మీద ఊరికే చుక్కలు పెట్టలేదు, బీథోవెన్ అసలు స్వరలిపి చూసి గీసేవాడు. సంగీతం తెలిసినవాళ్లు ఆ గడిని వినగలరు కూడా.

బెల్ కొట్టారు. వచ్చే గోడపత్రికకు బొమ్మలు ఇవ్వదలచుకున్నవాళ్లు సభ అయ్యాక నన్ను కలవండి. ఇంటర్నల్స్ ముందువారం ఎవరి దగ్గరా తీసుకోను. ఇక ప్రశ్నలు. పోస్టర్ గురించైతే మాటలు ఫైనల్ అయ్యాకే అడగండి.